అప్పు తోడిన ఆదివారాలు

భూమి లోపలి నీళ్లు తోడి బయట పారబోయడం నా ఉద్యోగం. భూమి లోపలి నుంచి నీళ్లు రాక అప్పుల పాలైందీ నేనే. ఈ సంగతి తలుచుకుని మా బొగ్గు బాయి క్యాంటీన్‌లో చాలా ఏళ్లు అందరూ నవ్వుకున్నారు. నేనూ నవ్వేవాణ్ని. నవ్వకుండా మూతి ముడుచుకుని కూర్చుంటే టీ చల్లారడం తప్ప ఒరిగేదేముంది?

మొన్న మా పాత కాలనీ నుంచి ఒక పిల్లగాడు వచ్చాడు. తండ్రి ఉద్యోగం తనకొచ్చి ఏడాది కూడా కాలేదు. ఫోన్‌లో ఏదో యాప్ తెరిచి చూపించి, "తాతా, గిది మంచిదేనా? ఆధార్ నంబర్ కొడితె గడియల పైసలు పడ్తయంట" అని అడిగాడు. మంచిదనీ అనలేదు, చెడ్డదనీ అనలేదు. "కూసో, నా కథ ఒకటి చెప్త" అన్నాను. వాడికేదో పని గుర్తొచ్చి వెళ్లిపోయాడు. ముసలివాళ్లు కథ అనగానే అందరికీ పనులు గుర్తొస్తాయి. అందుకే రాసి పెడుతున్నాను, తీరిక దొరికినప్పుడు చదువుకుంటాడు.

మా ఊరు పెద్దపల్లి పక్కన. ఉద్యోగం గోదావరి అవతల, పాత ఆదిలాబాద్ జిల్లాలోని ఒక భూగర్భ గనిలో. మేమంతా దాన్ని బాయి అనే అంటాం. బాయిలో బొగ్గు తీసేవాడికి పేరుంటుంది. నీళ్లు తోడేవాడి పేరు నీళ్లు నిండినప్పుడే అందరికీ గుర్తొస్తుంది, అదీ తిట్టడానికి. మా సెక్షన్‌లో పంపుల మీద ముగ్గురం ఉండేవాళ్లం.

ఒకాయన భైంసా వైపు మనిషి. ఇంట్లో మరాఠీ, బయట తెలుగు, కోపం వస్తే రెండూ. మా ఇద్దరికన్నా చాలా పెద్ద, అందుకే మరాఠీలో అన్నను పిలిచినట్టు దాదా అని పిలిచేవాళ్లం. రెండోవాడు ధర్మపురివాడు, నా ఈడువాడే. మాకు చుట్టరికమేమీ లేదు, అయినా ఒకర్నొకరం బావా అనుకునేవాళ్లం. వాడి నోరు కారం. ఆ నోరు చూసి చాలామంది వాణ్ని చెడ్డవాడనుకునేవారు. వాడికీ అదే కావాలి, అప్పులడగడానికి ఎవరూ వచ్చేవారు కాదు.

ఇక నా అప్పు సంగతి. బాపు పంచి ఇచ్చిన ఎకరన్నర చెలక, వాన మీద ఆధారపడ్డ మెట్ట నేల, ఊళ్లో ఉంది. కాలువ మా దాకా రాదు. బోరు వేస్తే వరి పండించుకోవచ్చని ఆశపడ్డాను. నీళ్లు చూసే ఆయన్ని తీసుకొస్తే, అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చెలకంతా తిరిగాడు. ఒకచోట కాయ లేచి నిలబడింది. అక్కడ బోరు వేస్తే తెల్లటి రాతి దుమ్ము లేచింది. రెండోచోట వేస్తే ఎర్ర దుమ్ము. మూడోదాంట్లో కాస్త తడి మట్టి వచ్చేసరికి బోరు బండివాళ్లకే జాలేసి టీ తాగించారు. రెండు పోయాక మూడోది ఎందుకు వేశావని అడుగుతారు మీరు. పోయినచోటే వెతుక్కోవాలని మనవాళ్లు అంటారు కదా, ఆ సామెత బోర్లకు పనికిరాదని నాకు చెప్పినవాళ్లు లేరు.

మూడింటికీ డబ్బిచ్చింది ఒకే పెద్దమనిషి. ఆయనా ఒకప్పుడు బాయి కార్మికుడే. ఉద్యోగం మానేసి మిత్తికి, అంటే వడ్డీకి, డబ్బులు తిప్పేవాడు. కేకలు వేయడు, తిట్టడు, అందరినీ అన్నా అనే పిలుస్తాడు. ఆయన పద్ధతి ఒక్కటే. అప్పు తీసుకున్నవాడు తన జీతం పడే బ్యాంకు ఏటీఎం కార్డు ఆయన చేతిలో పెట్టాలి. మా కాలనీలో ఇది ఎవరికీ వింతగా ఉండేది కాదు. జీతాల రోజు ఆయన రబ్బరు బ్యాండు వేసిన కార్డుల కట్టతో ఏటీఎంలోకి వెళ్లేవాడు. మేమంతా బయట టీ కొట్టు దగ్గర నిలబడేవాళ్లం. ఒక్కొక్కరి జీతం తీసి, మిత్తి పట్టుకుని, మిగిలింది చేతిలో పెట్టేవాడు. పైగా అందరికీ టీ చెప్పేవాడు. ఎవరి డబ్బుతో తాగుతున్నామో తెలిసి కూడా చక్కెర ఎక్కువ వేయమని అడిగేవాళ్లం.

నా కార్డు కొత్తగా వచ్చిన రోజే, పిన్ నంబరున్న కవరు కూడా చింపకుండా ఆయనకిచ్చాను. బావ అప్పుడే తిట్టాడు. "కార్డు పోయిందని బ్యాంకుల చెప్పి కొత్తది తీస్కో బావా, ఆయన ఏం జేస్తడు?" అని ఉపాయం కూడా చెప్పాడు. ఏం చేస్తాడో నాకు తెలుసు. అప్పు నోటు మీద నా సంతకం పక్కన నా భార్య సంతకం కూడా ఉంది. చెలక పాసుబుక్కూ ఆయన దగ్గరే ఉంది.

ఒక ఏడాది దసరా వెళ్లిన కొత్తల్లో ఆయన మా క్వార్టర్‌కి వచ్చాడు. మంచినీళ్లు తాగాడు, మా ఆవిడ ఆరోగ్యం అడిగాడు. తర్వాత మెల్లగా అన్నాడు, "అన్నా, వచ్చె దసరా దాక చూస్త. అసలు మొత్తం ఒక్కపారి కట్టుండ్రి. ముక్కలు ముక్కలు నేను తీస్కోను. కాకపోతె గా ఎకరన్నర నా పేరు మీద చేయుండ్రి. మీ నెత్తి మీది బరువే దిగుతది."

ఆయన గడప దాటాక మా ఆవిడ ఒక్కటే అడిగింది. "రిటైరైతె క్వార్టర్ ఖాళీ చేయాలె గద. అప్పుడు నన్ను ఏడ కూసోవెడ్తవ్? ఆయన కార్డుల కట్ట మీదనా?"

ఆ చెలక తప్ప మాకు ఈ భూమ్మీద సొంతమని చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఎండిన బోర్లున్నా అది మా చెలక. ఇల్లు కట్టుకుంటే అక్కడే కట్టుకోవాలి. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు, ఆవిడ కూడా తినలేదు.

మర్నాడు ల్యాంప్ రూం దగ్గర సంగతి చెప్పాను. దాదా తలదీపం బెల్టు బిగించుకుంటూ విన్నాడు. "ప్లేడే చేయి" అన్నాడు.

ప్లేడే అంటే ఆదివారం పని. ఆ రోజు బొగ్గు తీయరు కానీ నీళ్లకు ఆదివారం తెలియదు కదా, పంపులు నడవాల్సిందే. ఆ పనికి రెండింతల కూలి. అందుకే అందరికీ ఆదివారాల మీద కన్ను. మా ముగ్గురికీ వంతులుండేవి. దాదా తన వంతు నాకిస్తానన్నాడు. బావ కాసేపు గొణిగి, "నా ఐతారం గూడ తీస్కో. ఇంట్ల ఉంటె మా అత్త వస్తది, బాయిల ఉంటె నువ్వు దొర్కుతవ్. రెండూ తిప్పలే" అని తనదీ ఇచ్చాడు. మా షిఫ్టు పని చూసే ఓవర్‌మన్‌కి చెబితే ఆయన, "మీ ముగ్గుర్ల ఎవడన్న రాండ్రి, నీళ్లు మాత్రం నిండొద్దు" అని ఊరుకున్నాడు.

ఆ చలికాలమంతా ప్రతి ఆదివారం దిగాను. ఆదివారం బాయి ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో దిగినవాడికే తెలుస్తుంది. మెషిన్లుండవు, అరుపులుండవు, పంపు ఒక్కటే గొణుగుతూ ఉంటుంది. నాకా గొణుగుడు బాగా నచ్చేది. జొన్నరొట్టె తింటూ, ఇంకెన్ని ఆదివారాలకు అసలు తీరుతుందో లెక్క వేసుకునేవాణ్ని. ఆ లెక్కలో ఎంత సంతోషం ఉండేదో ఇప్పుడు చెబితే నవ్వుతారు.

మా ముగ్గురి తెలివి ఇక్కడే బయటపడింది. ప్లేడే కూలి ఎక్కడ పడుతుంది? జీతంతో పాటు అదే ఖాతాలో. ఆ ఖాతా కార్డు ఎవరి దగ్గర ఉంది?

ప్రతి జీతం రోజూ పెద్దమనిషి ఎప్పటిలాగే మిగిలింది నా చేతిలో పెట్టి, "ఈ నెల ఎక్కువ వచ్చింది గద అన్నా, జమ చేసుకున్న" అనేవాడు. జమ అంటే అసలులోకే అనుకుని నేను సంతోషంగా టీ తాగి వచ్చేవాణ్ని. ఉగాది ముందు, ఇంకెంత మిగిలిందో చెప్పమని అడిగాను. ఆయన నన్ను వింతగా చూశాడు.

"అసలు ముట్టుకోలే అన్నా. ముక్కలు తీస్కోనని ముందుగాలనే చెప్పిన గద. అదంత వెనకటి మిత్తి మీద మిత్తికి పోయింది."

టీ కొట్టు దగ్గరే కూలబడ్డాను. దాదా, బావ నా పక్కనే ఉన్నారు. నా ఆదివారాలే కాదు, వాళ్ల ఆదివారాలు కూడా ఆయన గల్లాలో పడ్డాయి. ముగ్గురం కలిసి ఇన్ని నెలలు ఆలోచించాం, ఆలోచించాల్సింది మాత్రం ఒక్కరికీ తట్టలేదు.

అందరికన్నా ముందు దాదానే నవ్వాడు. "కాయ్ ఝాలా రే, ఏమైంది మన బుద్ధికి? పంపులోళ్లం గద మనం. నీళ్లు తోడినం గని పైపు అవతలి కొన యాడున్నదో చూడలే" అన్నాడు. నాకు ఏడుపు రావాల్సిన చోట నవ్వొచ్చింది. బావ మాత్రం నవ్వలేదు. దారి పొడుగునా ఆ పెద్దమనిషిని, నన్ను, దాదాని, ఏటీఎం కనిపెట్టినవాణ్ని తిడుతూనే వచ్చాడు.

కార్డులోంచి పోని డబ్బు కావాలి, అంటే చేతికి వచ్చే డబ్బు. దారి చూపించింది బావే. ధర్మపురి దగ్గర వాళ్ల మేనమామ బోరులో మోటరు ఇరుక్కుంది. పైకి లాగే మనుషులు ఎండాకాలంలో దొరకరు, దొరికినా చాలా అడుగుతారు. "పంపుల తోని పుట్టినోళ్లం, మనకు రాదా?" అని నన్ను తీసుకెళ్లాడు. మూడు కాళ్ల స్టాండు, చైన్ పుల్లీ పెద్దపల్లిలో ఒక మెకానిక్ దగ్గర అద్దెకు తెచ్చాం. పొద్దంతా తంటాలు పడి సాయంత్రానికి మోటరు పైకి తీశాం. మేనమామ అక్కడికక్కడే చేతిలో డబ్బు పెట్టాడు. చాలా ఏళ్ల తర్వాత నా కష్టం ఫలితం నేరుగా నా చేతిలో పడింది. ఇంటికొచ్చి మా ఆవిడకిచ్చాను. ఆమె వాటిని కళ్లకద్దుకుని కొంగున ముడి వేసుకుంది. మర్నాడు మహిళా సంఘంలో తన పేరు మీద దాచింది.

అప్పటినుంచి ఆదివారాలు తలకిందులయ్యాయి. నా ప్లేడే వంతులు దాదాకి, బావకి ఇచ్చేశాను. వాళ్లు చలికాలంలో ఇచ్చినవాటికి బదులు తీరుతుందన్నది నా లెక్క. ఒకరు బాయిలో దిగితే రెండోవారు నా వెంట మోటర్లకు వచ్చేవారు. ధర్మపురి నుంచి పెద్దపల్లి దాకా మేము తొక్కని పొలం గట్టు లేదు. ఏ మోటరు ఎప్పుడు ఇరుక్కుందో కబురు మా కన్నా ముందే ఊళ్లు దాటి వచ్చేది.

నిజం చెప్పాలంటే, నా ఉద్యోగ జీవితంలో అంత మంచి రోజులు మళ్లీ రాలేదు. అప్పు మెడ మీద ఉంది, దసరా తరుముకొస్తోంది, అయినా ఆ ఆదివారాల కోసం వారమంతా ఎదురుచూసేవాణ్ని. మోటరు గది నీడలో కూర్చుని ఎవరింటి నుంచో వచ్చిన పచ్చిపులుసు, మక్కగట్క తినడం, చల్ల తాగి మూతి తుడుచుకోవడం, చేతులకు గ్రీజు వాసన పోకుండానే ఇంకో ఊరికి బయలుదేరడం, ఇవన్నీ ఇప్పుడు తలుచుకుంటే గుండె నిండిపోతుంది. అందరి దగ్గరా డబ్బు ఉండేది కాదు. ఒకాయన ఎండుమిరపకాయలిచ్చాడు. ఇంకొకాయన కోడిపుంజునిచ్చాడు. దాదా దాన్ని ఒళ్లో పెట్టుకుని నా బండి వెనక కూర్చుంటే, అది గోదావరి వంతెన మీద దారంతా కూసింది. ఇంటికి తెస్తే మా ఆవిడ, "ఇది అసలా, మిత్తా?" అని అడిగింది. ఆ ఏడాది ఆమె మొదటిసారి నవ్వింది అప్పుడే.

బతుకమ్మ పండుగ దగ్గరపడేసరికి మా ఆవిడ దాచినదీ, కావలసినదీ పక్కపక్కన పెట్టి చూసుకున్నాం. చాలా దగ్గరికి వచ్చాం. కానీ ఇంకా కొంత తక్కువ. ఉన్న ఆదివారాలన్నీ పోసినా అది పూడదు. మా ఆవిడ నా ముఖం చూడకుండా లేచి బియ్యం చెరగడానికి కూర్చుంది.

ఆ రోజుల్లోనే ఒక ఆదివారం దాదా, నేను ధర్మపురి అవతల ఒక ఊరికి వెళ్లాం. మోటరు గలది ఒక ఆడమనిషి. భర్త మస్కట్‌లో ఉన్నాడు, సేద్యమంతా ఆమే. మోటరు పైకి లాగేసరికి కింది రెండు పైపులూ పొడిగా ఉన్నాయి. మోటరు చెడిపోలేదు, బోరే ఎండిపోయింది. ఆమె బోరు అంచు దగ్గర కూర్చుని లోపలికి చూస్తూ ఉండిపోయింది. చూసినకొద్దీ నాకు నా చెలకే కనిపించింది.

అక్కడికి బోరు బండి ఏజెంటు ఒకతను ముందే వచ్చి ఉన్నాడు. నన్ను పక్కకు పిలిచాడు. "అన్నా, గా మూలకు నీళ్ల పాయింటున్నదని ఒక్క మాట చెప్పు. పంపులు తెలిసినోనివి, నీ మాట ఇంటది. బోరు లోతుకు పోతె నీకు గింత ఇస్త" అని ఒక మొత్తం చెప్పాడు. నాకు తక్కువ పడుతున్నదానికి అది సరిపోతుంది. కొంచెం మిగులుతుంది కూడా.

దాదా చైన్ పుల్లీ విప్పుతున్నాడు. అంతా విన్నాడు, తల మాత్రం ఎత్తలేదు.

ఆమె మా దగ్గరకు వచ్చి, "అన్నా, ఏమంటవ్? కొత్త జాగల ఏస్తె పడ్తయా?" అని అడిగింది.

అవునంటే అయిపోతుంది. నేను అబద్ధమూ చెప్పినట్టు కాదు, లోపల ఏముందో ఎవరికి తెలుసు? కానీ ఆ ఒక్క మాట నా నోట్లోంచి రాలేదు. "చెల్లె, నేను గిసొంటియి మూడు ఏసిన. మూడూ దుమ్మే. ఇంక అప్పు చేయకు. వచ్చె యాడాది వానకు పండేది ఏదన్న ఏస్కో" అన్నాను.

నన్ను మెచ్చుకుంటుందనుకున్నారా? కొంగు నడుముకు బిగించి లేచింది. "నీకు పడలేదని నాకు పడొద్దా? ఆయన గాడ ఎండల ఇటుకలు మోస్తుండు. వచ్చెటాల్లకు పచ్చటి పొలం చూపెట్టాలె నేను. నిన్ను మోటరు గుంజమన్న, బుద్ధులు చెప్పుమనలే" అని అనుకున్న కూలి లెక్క పెట్టి ఇచ్చి, అటు తిరిగి ఏజెంటుతో మాట్లాడసాగింది.

ఇద్దరం బండెక్కాం. చాలా దూరం వచ్చాక దాదా వెనక నుంచి అన్నాడు, "గా పైసలు తీస్కుంటె ఐపోతుండె గద రా."

"ఐపోతుండె దాదా."

"ఆమె ఎట్లయిన ఏస్తది. నువ్వు చెప్పకున్న ఏస్తది."

"ఏస్తది."

"మరి?"

"ఆ మాట నా నోట్లకెల్లి ఎల్లలే" అన్నాను. ఇంటికొచ్చాక మా ఆవిడకు జరిగిందంతా చెప్పి, చెలక రాసిచ్చేద్దామని కూడా అన్నాను. ఆమె ఏడ్చింది. ఆ ఏజెంటు మాట ఎందుకు వినలేదని మాత్రం అడగలేదు.

మర్నాడు షిఫ్టు దిగక ముందు దాదా, బావ ఇద్దరూ ల్యాంప్ రూం వెనక నిలబడి ఉన్నారు. బావ ఒక ప్లాస్టిక్ కవరు నా జేబులో కుక్కాడు. చూస్తే నోట్లు.

"ఏంది బావా ఇది?"

"నీ ఐతారాలు. మా ఖాతాల పడ్డయ్ గద."

"అవి నాయి ఎట్లయితయ్? చలికాలం మీయి నేను తిన్న, ఎండాకాలం నాయి మీరు తీస్కున్నరు. లెక్క సాఫ్."

దాదాకి కోపం వచ్చింది. "నువ్వు తిన్నవా? గాడు తిన్నడు. కార్డు సంగతి నీకు యాదికి రాలే, నాకు రాలే, వీనికి రాలే. తప్పు ముగ్గురిదైతె మునిగేది నువ్వొక్కనివే ఎట్ల? నష్టం మూడు పాళ్లు చేసినం. ఇవి మా ఇద్దరి పాళ్లు."

నేను వద్దన్నాను. వాళ్లు వినలేదు. ముగ్గురం అరుచుకుంటుంటే ఓవర్‌మన్ వచ్చి, పంపు దగ్గర అరుచుకోండని తరిమాడు. మెట్లు దిగుతున్నప్పుడు బావ నా చెవి దగ్గర, "ఊకె ఏడ్వకు. నీ చెలక పోతె నువ్వు మా ఇంటికొచ్చి కూసుంటవ్, గా బాధ పడలేక ఇస్తున్న" అన్నాడు. నేను ఏడుస్తున్నట్టు వాడు చెప్పేదాకా నాకు తెలియలేదు. వాళ్లిద్దరి జీతాలూ నా జీతమంతే. వాళ్ల ఇళ్లల్లోనూ పిల్లలున్నారు, ఫీజులున్నాయి. ఆ కవరు బరువు నాకు తెలుసు. నా మీద ఇంత ప్రేమ ఉందని వాళ్లు అంతకుముందు ఒక్కసారీ చూపించలేదు, తర్వాత కూడా ఎప్పుడూ ఒప్పుకోలేదు.

దసరాకి ముందే పెద్దమనిషి ఇంటికి వెళ్లాం. మా ఆవిడ, నేను, వద్దన్నా వెంటబడ్డ ఆ ఇద్దరు. ఆయన డబ్బు తీసుకుని, నోటు చింపి, పాసుబుక్కు ఇచ్చాడు. కార్డుల కట్టలోంచి నాది వెతికి తీసి, "మంచి మనిషివి అన్నా. మల్ల ఎప్పుడన్న అవసరం పడితె..." అన్నాడు. మా ఆవిడ చూసిన చూపుకి ఆ మాట సగంలోనే ఆగిపోయింది.

గేటు దాటాక మా ఆవిడ కార్డు అటూ ఇటూ తిప్పి చూసి, "నంబరెంత?" అని అడిగింది. నాకు తెలియదు. వెనక్కి వెళ్లి నా పిన్ నంబరు ఆయన్నే అడగాల్సి వచ్చింది. ఆయన ఒక్క క్షణం కూడా తడుముకోకుండా చెప్పాడు. దాదా గేటు పట్టుకుని నవ్వుతూనే ఉన్నాడు.

పండుగ అయ్యాక బావ ఇంకో కబురు తెచ్చాడు. ఆ ఆడమనిషి నేను వద్దన్నా ఏజెంటు చెప్పిన మూలనే బోరు వేయించిందట. నీళ్లు పడ్డాయట, అదీ మంచి ధార. విన్నప్పుడు కొద్దిసేపు మనసు చివుక్కుమంది, అబద్ధం ఎందుకు. ఎంత పెద్ద మనిషిలా సలహా ఇచ్చాను. ఆ తర్వాత, మస్కట్ నుంచి వచ్చేవాడికి ఆమె పచ్చటి పొలం చూపిస్తుందని తలుచుకుంటే సంతోషమేసింది. అప్పటినుంచి దాదా రిటైరయ్యే దాకా, బాయిలో ఎవరికి ఏ సలహా కావాలన్నా, "వీణ్ని అడుగుండ్రి, వీడు ఏమంటడో గది చేయకుండ్రి" అని చెప్పేవాడు. దాదా ఇప్పుడు లేడు. ఆ మాట అనేవాళ్లు కూడా ఎవరూ లేరు.

కార్డు చేతికొచ్చిన ఆ దసరా నెల జీతం రోజు మా ఆవిడ మంచి చీర కట్టుకుని నా వెంట ఏటీఎంకి వచ్చింది. లైనులో మా ముందు పెద్దమనిషి కార్డుల కట్టతో ఉన్నాడు. నన్ను చూసి పక్కకు తప్పుకుని, "మీరు పోండ్రి అన్నా, నాకు ఆలస్యమైతది" అన్నాడు. టీ కొట్టు దగ్గర నిలబడ్డ మావాళ్లంతా మా వైపు చూస్తున్నారు. లోపలికి వెళ్లాం. నంబరు మా ఆవిడే నొక్కింది. తెర మీద నా జీతం మొత్తం కనిపించింది. అందులోంచి ఎవరూ ఇంకా ఏమీ తీయలేదు. ఇద్దరం దాన్ని చూస్తూ నిలబడ్డాం.

"ఎంత తియ్యాలె?" అని అడిగాను.

"కూరగాయలకు సరిపోను తియ్యి" అంది. "మిగిలింది ఆడ్నే ఉండనియ్యి."